ప్రసూన మేడమ్ చేతులు

“నాగవేణిని ఈసారి పరీక్షకి పంపనమ్మా,” అంది ప్రసూన, వార్డు సిస్టర్ మార్తమ్మతో. “మూడు నెలలైంది. ఇప్పటికీ సెలైన్ సూది పెట్టడం రాలేదు. చేతులు వణుకుతాయి. సంవత్సరం పోతే పోయింది, ఏం చేస్తాం?”

ప్రసూన నర్సింగ్ విద్యార్థులను వార్డుకు తీసుకొచ్చి పని నేర్పించే మేడమ్. పదేళ్ల కిందట తనూ ఇదే బాలింతల వార్డులో మార్తమ్మ సిస్టర్ దగ్గర నేర్చుకుంది. మంచి పనిమంతురాలు. ఒక్కటే తంటా. విద్యార్థి చెయ్యి కాస్త తడబడితే చాలు, “ఇటివ్వు” అని లాక్కుని తనే పెట్టేస్తుంది.

మార్తమ్మ మంచాల వైపు చూసింది.

“మూడో మంచం లోవకుమారికి సూది మార్చాలి. నాగవేణిని పిలు.”

ఆరుగురు అమ్మాయిలూ మంచం దగ్గరికి వచ్చారు. నాగవేణి చేతులు కడుక్కుని, గ్లౌజులు వేసుకుని, లోవకుమారి చేతికి రబ్బరు పట్టీ కట్టింది. సూది అందుకుంది. వణుకు మొదలైంది. ప్రసూన అలవాటు చొప్పున రెండు చేతులూ చాచనే చాచింది.

ఆ చేతుల్లో మార్తమ్మ లోవకుమారి బిడ్డను పెట్టింది. రెండు రోజుల పసిగుడ్డు. ఆదమరిచి నిద్రపోతున్నాడు.

“ఇదేంటమ్మా?”

“తల్లికి చెయ్యి ఖాళీ లేదుగా. ఎత్తుకో.”

“నాగవేణీ, ఆ నరం కాదు, కొంచెం...”

“ష్! లేస్తాడు.”

ప్రసూన నోరు మూసుకుంది. ఉద్యోగంలో చేరాక అంత కష్టమైన పని ఆమె ఎప్పుడూ చెయ్యలేదు.

నాగవేణి మేడమ్ వైపు చూసింది. అటు నుంచి చెయ్యీ రాలేదు, మాటా రాలేదు. ఒక్క క్షణం ఆలోచించి పట్టీ విప్పేసింది.

“అక్కా, ఇక్కడ నరం సరిగా దొరకట్లేదు. ఆ చెయ్యి ఇవ్వండి.”

పట్టీ ఆ చేతికి కట్టి, వేలితో తడిమింది. మళ్లీ తడిమింది. తొందరపడలేదు. సూది లోపలికి వెళ్లింది, వెనక గొట్టంలో ఎర్రగా రక్తం కనిపించింది. నరం దొరికింది.

“ఓసోస్, ఇంతేనా! చీమ కుట్టినట్టయినా లేదు నర్సమ్మా,” అంది లోవకుమారి.

అమ్మాయిలు చప్పట్లు కొట్టబోయి, పిల్లాడు గుర్తొచ్చి ఆగారు. నాగవేణి ఏడుస్తూ నవ్వుతోంది. ప్రసూన ఆనందం పట్టలేకపోయింది. పరీక్షకి పంపే పేర్లలో ఈ పిల్ల పేరే ముందు రాయాలనుకుంది.

“ఇక బిడ్డను తీసుకోండమ్మా,” అంది.

మార్తమ్మ పక్క మంచాల వైపు, మిగతా అమ్మాయిల వైపు చూసింది.

“ఇంకా ఐదుగురున్నారు. ఎత్తుకునే ఉండు.”