గుంటయ్య ఇచ్చిన కొలత

ఎండలో ఎవరమ్మా? ఎర్రకోక పిట్టమ్మ.
గాలిలో ఎవరమ్మా? గంధంపొడి గువ్వమ్మ.
నీడలో ఎవరమ్మా? నీడలో... నీడలో...

అక్కడికొచ్చేసరికి సింగారమ్మకి పాట ఆగిపోయేది. దూడగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ పాడేది. నీడలో ఎవరో ఒకరు తప్పకుండా ఉండేవాళ్ళు, ఏదో నములుతూ కూడా ఉండేవాళ్ళు. ఎవరన్నది మాత్రం ఎంత నెమరేసినా పైకి రాలేదు.

సింగారమ్మ ముసలి గేదె. మొక్కజొన్న కోసేసిన చేలో, తుమ్మచెట్టు నీడన, బ్యాటు పట్టినవాడి వెనకాల పడుకుని బేస్‌బాల్ ఆటకి అంపైరుగా ఉండేది. ఆ ఆటని సముద్రాల అవతలి నుంచి వలస బాతులు తెచ్చాయి. బంతి అంటే నార చుట్టిన వెలక్కాయ. నాలుగు మూలలా నాలుగు గడపలు. ఒకడు విసరాలి, ఒకడు కర్రతో కొట్టి గడపలన్నీ చుట్టి ఇంటి గడపకి రావాలి. కొట్టేవాడి మోకాలికీ రొమ్ముకీ మధ్యన వచ్చిన బంతిని వాడు వదిలేసినా, కొట్టబోయి తప్పినా అది గురి. మూడు గురులైతే ఔటు. అటూ ఇటూ పోయినవి తప్పు బంతులు. అవి నాలుగైతే కొట్టకుండానే మొదటి గడపకి దర్జాగా నడిచిపోవచ్చు.

గురి అయితే సింగారమ్మ కుడి చెవి లేపేది. తప్పు బంతైతే తోక ఆడించేది. ఈగలు ఎక్కువగా ఉన్న రోజున కొంచెం తికమక అయ్యేది గానీ, ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. గేదెతో వాదించి గెలిచినవాడు అడవిలో ఇంకా పుట్టలేదు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు తలా ఇంత మేత తెచ్చి పడేసేవారు. దాంతోనే ఆటగాళ్ళ కడుపులు నిండేవి. మిగతా అడవిలో సింగారమ్మ ఒట్టి ముసలి గేదె, దారికి అడ్డం. ఆ తుమ్మ నీడలో మాత్రం అందరూ ఆగి, తలలు తిప్పి, ఆమె ఏం చూసిందా అని చూసేవారు. ఆ ఒక్క చోటు ఉంటే చాలు, ఇంకేమీ వద్దనిపించేది ఆమెకి.

ఆ చోటు మీదే గట్టు జట్టు నాయకుడు గుంటయ్య కన్ను పడింది. గుంటయ్య నక్క. పోయిన సీజన్ ఆఖరి ఆటకి ముందు లేత జొన్న చొప్ప మోపు తెచ్చి ఆమె ముందు పడేశాడు. సింగారమ్మ అంతా తిన్నది. చల్లగా ఉండమని దీవించింది. తర్వాత మూడు బంతులకి మూడుసార్లు చెవి లేపి గుంటయ్యని ఔటు చేసి పంపించింది. చొప్ప పోయిందనే బాధ కన్నా, ఆమెకి అది లంచమని తెలియనే లేదన్నది గుంటయ్యని ఎక్కువ కాల్చింది.

ఈ ఏడు చలి మొదలవగానే సాగరమ్మ అనే ముసలి బాతు వచ్చి దిగింది. రెక్కలు ఆరకముందే అందరూ చుట్టూ మూగి, రాబోయే సీజన్‌కి అక్కడ ఏమేం మారుస్తున్నారని అడిగారు. గడపలు వెడల్పు చేశారంది. పక్కనున్న ఎద్దు సంతోషించింది. విసిరేవాడు తాత్సారం చేయకూడదంది. బంతి విసిరే కొండముచ్చులు మూతి ముడుచుకున్నాయి. అన్నిటికన్నా పెద్ద మార్పు ఇంకోటుందంది. అంపైరు మాట నచ్చకపోతే ఆటగాడు తన తల మీద తట్టుకోవచ్చట. అప్పుడు కళ్ళు లేని యంత్రమొకటి చూసి చెబుతుందట. ఒక్కొక్కడి పొడవు ముందే కొలిచి పెడతారు కాబట్టి దానికి మొహమాటం ఉండదట.

"కళ్ళు లేనిది చూస్తుందా?" అని సింగారమ్మ నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది.

"కళ్ళున్నవాళ్ళు చూస్తున్నది చాల్లే అవ్వా," అన్నాడు గుంటయ్య. కాకులు కిసుక్కుమన్నాయి.

యంత్రం మనకెక్కడిదని ఎద్దు అడిగితే, గుంటయ్య అప్పటికే అంతా ఆలోచించుకుని ఉన్నాడు. సింగారమ్మ ముందు రెండు వెదురు గుంజలు పాతుదాం. ఒక్కో ఆటగాడి మోకాలి ఎత్తునా రొమ్ము ఎత్తునా వడ్రంగిపిట్ట చిల్లులు పొడుస్తుంది. ఎవడు ఆడితే వాడి చిల్లులకి అడ్డంగా రెండు తీగలు కడతాం. బంతి ఎలా వచ్చిందన్నది మనకి అక్కర్లేదు, తీగల మధ్య నుంచి పోయిందా, గురి. పోలేదా, తప్పు బంతి. సీజన్ మొత్తానికి ఒకటే కొలత, మధ్యలో మార్చేది లేదు. ఒకే రోజున అంపైరు మాట మూడుసార్లు తప్పని తేలితే ఆ అంపైరు ఇక విశ్రాంతి తీసుకోవచ్చు.

విశ్రాంతి అన్న మాట ఎంత తియ్యగా అన్నాడంటే, సగంమంది అది సింగారమ్మ మీద దయ అనుకుని సరేనని చేతులెత్తారు.

కొలతల రోజున అందరూ నిటారుగా నిలబడ్డారు. కుందేలైతే చెవులు కూడా లెక్కలోకి వస్తాయా అని అడిగి తిట్లు తిన్నది. గుంటయ్య వంతు వచ్చేసరికి మూలుగుతూ వచ్చి గుంజ పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రొమ్ము నేలకి జానెడు ఎత్తున ఉంది. వడ్రంగిపిట్టకి కనబడిన చోట పొడవడమే పని. పొడిచేసింది.

సింగారమ్మ మెడ చాచి చూసింది.

"ఇంత పొట్టిగా ఎప్పుడయ్యావు నాయనా?"

"వయసవ్వా, వయసు. నువ్వు వెడల్పయ్యావు, నేను పొట్టివాణ్ణయ్యాను."

అదీ నిజమే కాబోలనుకుని ఆమె తన పొట్ట వైపు చూసుకుంది.

మొదటి ఆట రోజున చేను కిటకిటలాడింది. వాగు జట్టుకి విసిరేవాడు కిట్టప్ప అనే కొండముచ్చు. వాడి చేతిలోంచి వెలక్కాయ వస్తే తేనెటీగ వచ్చినట్టు ఉండేది. గుంటయ్య బ్యాటు పట్టి నిలబడ్డాడు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులేవీ లేవు, తాటిమొక్కలా నిటారుగా ఉన్నాడు. కిట్టప్ప సరిగ్గా పొట్ట ఎత్తున విసిరాడు. సింగారమ్మ చెవి లేపింది. గుంటయ్య తాపీగా తల తట్టుకున్నాడు. వడ్రంగిపిట్ట గుంజల దగ్గరికెళ్ళి చూసి, పై తీగ కన్నా ఎంతో ఎత్తున పోయిందని చెప్పింది. తప్పు బంతి.

రెండోదీ అంతే. చెవి లేచింది, తల మోగింది, మాట తిరగబడింది. తర్వాత కిట్టప్ప ఎంత కిందికి విసిరినా ఆ జానెడు సందులో బంతి పట్టలేదు. గుంటయ్య తోక ఊపుకుంటూ మొదటి గడపకి నడిచిపోయాడు.

పోతూ పోతూ కాకుల వైపు తిరిగి, పాపం చూపు ఆనడం లేదు, ఇంకొక్కటి తప్పితే అవ్వకి హాయిగా విశ్రాంతి అన్నాడు. సింగారమ్మ గుంజల వైపు మెడ చాచి చూసింది. తన కళ్ళకి పొట్ట దగ్గర కనబడ్డ బంతి నిజంగా ఎక్కడ పోయింది? ముసలితనంలో ఎత్తూ పల్లం కూడా మారిపోతాయా?

గుంటయ్య వంతు మళ్ళీ వచ్చింది. కిట్టప్ప ఒకటి విసిరాడు, పైకి పోయింది. ఇంకోటి విసిరాడు, అదీ పోయింది. రెండూ పొట్ట ఎత్తు కూడా కాదు, ఎక్కడో మెడ మీదుగా పోయాయి గనక సింగారమ్మ తోకే ఆడించింది. కిట్టప్పకి ఒళ్ళు మండింది. ఈ పనికిమాలిన ఆట నాకొద్దంటూ చేతిలో ఉన్న వెలక్కాయని నేలకేసి గిరాటు పెట్టాడు. అది రెండు గంతులేసి, దొర్లుకుంటూ దొర్లుకుంటూ, గుంటయ్య కాళ్ళ ముందు నుంచి పోయి, నేలనంటిన కింది తీగ మీద ఎక్కి, పై తీగ కింద నుంచి దూరి, సింగారమ్మ మూతికి తగిలి ఆగింది.

అందరూ నవ్వారు. కిట్టప్ప నవ్వలేదు. వాడు గుంజల వైపే చూస్తున్నాడు.

సింగారమ్మ కూడా చూసింది. బంతి తీగల మధ్య నుంచే వచ్చింది. చెవి లేపితే గుంజల మాటా తన మాటా ఒకటవుతుంది, చోటు నిలబడుతుంది. కానీ దూడప్పటి నుంచి ఇప్పటిదాకా నేల మీద దొర్లిన బంతిని గురి అన్నవాళ్ళని ఆమె ఎరగదు. తనని అడిగింది తన కంటికి ఏం కనబడిందని కదా. తోక ఆడించింది.

కిట్టప్ప చెయ్యి సగం లేపి, ఆగిపోయాడు.

"అత్తా," అన్నాడు మెల్లిగా సింగారమ్మతో, "తట్టుకోనా?"

"నీ తల, నీ చెయ్యి. మధ్యలో నన్నడుగుతావేంట్రా?"

వాడు తల తట్టుకున్నాడు. వడ్రంగిపిట్ట చూసొచ్చి, గుంజల లెక్కన అది గురే అంది. అంపైరు మాట మూడోసారి తప్పింది.

సింగారమ్మ మొదట వెనక కాళ్ళు, తర్వాత ముందు కాళ్ళు లేపి, ఎవరి వైపూ చూడకుండా వాగు బురద దాకా నడిచి, అందులో మెడ వరకు దిగిపోయింది. వెనక నుంచి గుంటయ్య ఈల వినబడింది. చాలాసేపు వినబడుతుందనుకుంది. చప్పున ఆగిపోయింది.

ఆగక ఏం చేస్తుంది. కిట్టప్ప రెండో బంతినీ దొర్లించాడు. గుంటయ్య ఒంగి కర్ర ఆడిస్తే మట్టి లేచి నోట్లో పడింది. మూడోది దొర్లించాడు. కర్ర మొక్కజొన్న మోడుకి తగిలి విరిగింది. ఔటు. బంతి దొర్లుతోందని గుంటయ్య గోల పెడితే, ఎలా వచ్చిందన్నది మనకి అక్కర్లేదు కదన్నా అని వడ్రంగిపిట్ట వినయంగా గుర్తు చేసింది. తర్వాత వంతులోనూ అంతే. పొద్దు వాలేలోగా గట్టు జట్టు ఓడిపోయింది, వాళ్ళవాళ్ళే గుంటయ్యని ఎగాదిగా చూడ్డం మొదలుపెట్టారు.

గుంటయ్య పరుగున బురద ఒడ్డుకి వచ్చాడు. మూతి నిండా మట్టి.

"అవ్వా, నీ కన్ను లేకపోతే ఆట నాశనమైపోతుంది. లేచి రా."

"నా కన్ను మూడుసార్లు తప్పిందిగా నాయనా. నువ్వే తేల్చావు."

"దొర్లిన బంతి గురి ఎలా అవుతుందవ్వా? నువ్వన్నదే రైటు. ఆ గుంజలకేం తెలుసు, వెదురు ముక్కలు."

చెట్టు మీద కాకులకి ఆ మాట చాలు. చేనంతా చాటేశాయి. గుంజలు తెచ్చినవాడే గుంజలు తప్పంటున్నాడని అందరూ బురద దగ్గరికి వచ్చేశారు. ఎద్దు సిగ్గుపడి, అవ్వ రేపట్నుంచి తన చోట్లో తను పడుకోవాలంది. అందరూ ఔనన్నారు. గుంటయ్య అందరికన్నా గట్టిగా ఔనన్నాడు.

అప్పుడు కిట్టప్ప అడ్డుపడ్డాడు.

"గుంజలు తీసేద్దాం. కానీ మా కుందేలు కొలతతో వంద బంతులు దొర్లించినా ఒక్కటీ తీగల్లో పట్టదు. నీకే ఎందుకు పడుతోంది గుంటయ్యా? కొలత రోజున ఎలా నిలబడ్డావో అందరి ముందూ చెప్పు, నీకూ తీసేస్తాం."

కావాలనే కూలబడ్డానని చెబితే గుంటయ్యని జట్టులోంచి తరిమేస్తారు. ఎద్దు వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, ఆఖరికి తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు.

"నేను పొట్టివాణ్ణే," అన్నాడు.

"అయితే సీజన్ మొత్తానికి ఒకటే కొలత," అన్నాడు కిట్టప్ప.

అలా ఆ ఏడు అందరికీ సింగారమ్మ చెవీ తోకే చెల్లాయి. గుంటయ్య వంతు వస్తే మాత్రం గుంజలు లేచేవి, తీగలు కట్టేవారు. ఆమె ముఖం అటు తిప్పుకుని నెమరేసుకునేది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, కర్రతో నేల ఊడుస్తున్నట్టు ఆడేవాడు. చూడ్డానికి దూరం నుంచి కూడా జనం వచ్చేవారు. మేత బాగా పడింది. అందులో గుంటయ్యకి ముట్టిందే తక్కువ.

ఎండలు ముదిరి సీజన్ అయిపోయిన రోజున, మూట కట్టుకుని కొండ అవతలి అడవికి పోతూ గుంటయ్య తుమ్మచెట్టు దగ్గర ఆగాడు. మోకాళ్ళు నిజంగానే పట్టేశాయి, కుంటుతున్నాడు. సింగారమ్మ జాలిపడి, తను తింటున్న చొప్ప కొంచెం ముందుకి నెట్టింది, నక్క చొప్ప తినదని గుర్తులేక. ఆయన దాని వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"కొలతకి నిలబడ్డ రోజునే నిటారుగా నిలబడి ఉంటే పోయేదవ్వా."