మూడో కుర్చీ

నాలుగేళ్లుగా మూడో కుర్చీలో కూర్చుని కూర్చుని దయాకర్‌కి విసుగు పుట్టింది. వాల్తేరులో పదహారు మంది వాయించే జాజ్ బ్యాండు అది. అందులో ట్రంపెట్లు నాలుగు. పేరంతా మొదటి కుర్చీది. మూడో కుర్చీవాడికి వెనక నుంచి సన్నగా స్వరం కలపడం తప్ప వేరే పని లేదు. కచేరీకి వచ్చిన సొంత చెల్లెలే ఓసారి, "ఇంతకీ నువ్వు వాయించావా అన్నయ్యా?" అని అడిగింది.

మొదటి కుర్చీ జోయెల్ మాస్టారిది. వయసులో ఉండగా ఆయన బొంబాయి హోటల్లో వాయించిన ఒక సాయంత్రం గురించి జనం ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. పాట చివర పై స్థాయి స్వరం ఒకటి పట్టి అలా నిలబడిపోయారట. వడ్డించేవాళ్లు పళ్లేలు చేతుల్లో ఉంచుకునే ఆగిపోయారట. ఆ స్వరం ఒకరు చెబితే నిమిషం, ఇంకొకరు చెబితే రెండు నిమిషాలు. జనం నోటికి గడియారం ఉండదు కదా. మాస్టారు మాత్రం ఎవరైనా ఆ ఊసెత్తితే లేచి వెళ్లిపోయేవారు.

"ఇంకో బ్యాండువాళ్లు నాకు మొదటి కుర్చీ ఇస్తామన్నారు మాస్టారూ. వెళ్లిపోదామనుకుంటున్నాను," అన్నాడు దయాకర్ ఒకరోజు. "ఇక్కడ నా వాయిద్యం ఎవరికి వినబడుతోంది?"

మాస్టారు కోప్పడలేదు.

"ఆదివారం కచేరీలో నా కుర్చీలో కూర్చో. బొంబాయి పాటే వాయించు. ఆ తర్వాత నీ ఇష్టం."

ఆదివారం ఆయన మారుమాట లేకుండా వెళ్లి మూడో కుర్చీలో కూర్చున్నారు.

దయాకర్ బాగా వాయించాడు. చివర లేచి నిలబడి ఆ స్వరం పట్టాడు. హాలంతా కిక్కురుమనలేదు. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ ఉండగానే ఊపిరి అయిపోయింది. నలుగురిలో పరువు పోయిందనుకున్నాడు.

కానీ స్వరం ఆగలేదు.

వెనక నుంచి అదే స్వరం, అదే బరువుతో వస్తోంది. దయాకర్ ట్రంపెట్ పెదవుల మీద నుంచి తీయకుండానే గుండె నిండా గాలి పీల్చుకుని మళ్లీ అందుకున్నాడు. వెనక స్వరం మెల్లగా తగ్గి తప్పుకుంది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

దండలు వేసేవాళ్లను తప్పించుకుని అతను మాస్టారి దగ్గరికి వెళ్లాడు. ఆయన ఆయాసపడుతూ ట్రంపెట్ తుడుచుకుంటున్నారు.

"నాకు సగంలోనే ఊపిరి అయిపోయింది మాస్టారూ."

"తెలుసు."

"ఎవరూ కనిపెట్టలేదు."

"కనిపెట్టకూడదు."

దయాకర్ ఆయన కూర్చున్న మూడో కుర్చీ వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు:

"బొంబాయిలో ఆ సాయంత్రం మూడో కుర్చీలో ఎవరున్నారు?"

తుడిచే చెయ్యి ఆగింది. ముసలాయన కళ్లు తడిశాయి.

"లాజరు," అన్నారు. "నలభై ఏళ్లలో ఆ పేరు అడిగినవాడివి నువ్వొక్కడివే."