ఏట్లో పడ్డ రాజుగారి బాణం

ఒకానొక ఏటి ఒడ్డు రాజ్యంలో రణకంఠీరవుడని ఒక రాజుండేవాడు. ఆ పేరు బిరుదులతో సహా పలికేసరికి భటుడికి ఆయాసమొచ్చేది. ఆయన కొలువులో కోనప్ప అని ఒకడు. రాజుని నవ్వించడం వాడి పని. పొద్దున కొలువు తీరింది మొదలు దీపాలు పెట్టేదాకా అదే పని.

కోనప్ప పెళ్ళాం నాంచారి. ఏటి అవతల పల్లె పిల్ల. విల్లులు చేసే ఇంట పుట్టింది. చెట్టు చూసి ఇందులో విల్లుంది, ఇందులో లేదు అని చెప్పేసేది. కోనప్పకి ఆ పని అబ్బలేదు. ఆమె కర్ర గీకుతుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు.

"నీ నోరు వంగినట్టు నీ చెయ్యి వంగదేమయ్యా" అని నవ్వేది.

రాజు నవ్వితే వాడికి కూడు. నాంచారి నవ్వితే కడుపు నిండేది.

ఒక ఏడు తల్లికి బాగాలేదని నాంచారి పుట్టింటికెళ్ళింది. ఆ రోజుల్లోనే రాజు కూడా మేళతాళాలతో అవతలి పల్లెకెళ్ళాడు. పడవ దిగబోయి బురదలో కూలబడ్డాడు. కిరీటం ఒక పక్క, రాజు ఒక పక్క. రేవులో బట్టలుతికే ఆడవాళ్ళు నవ్వాపుకోలేకపోయారు. అంతే, ఇవతలికి రాగానే బురుజెక్కాడు.

"ఈ రోజునించీ నా బాణం ఎక్కడ ఆగితే అక్కడిదాకే నా రాజ్యం. అది దాటి అడుగేసినవాడు మళ్ళీ రానక్కర్లేదు" అని బాణం వేశాడు. అది ఇవతలి ఇసకలోనే పడింది. ఇంతేనా అని ఎవరంటారు? ఏరే సరిహద్దు అన్నాడు మంత్రి. పడవలన్నీ గట్టు మీదకి లాగించేశారు.

అవతల నాంచారి మంచాన పడింది. లేవలేదు. చేపలు పట్టే ఒకాయన ఏటికడ్డంగా కేకేసి చెప్పాడు ఆ మాట కోనప్పకి. తంగేడు పొదల వెనకాల పూడ్చిపెట్టామన్నాడు. గాలికి సగమే వినపడింది. ఆ సగం చాలు.

మర్నాడు వాడు కొలువుకెళ్ళాడు. రాజు నవ్వాడు.

రోజూ కొలువు కాగానే రేవుకొచ్చి నిలబడేవాడు. అవతల గట్టు మీద పచ్చగా తంగేడు పూలు. ఒక్కసారి పోవాలి, పిడికెడు మట్టి వెయ్యాలి, కాసేపు కూర్చుని రావాలి. ఇంకేం అక్కర్లేదు వాడికి. చెయ్యెత్తితే అందేట్టుంటుంది ఆ గట్టు. అందదు.

ఏడాది తిరిగొస్తోంది. ఏటా దసరాకి బాణం వేసి సరిహద్దు తేలుస్తానని రాజు చాటించి ఉన్నాడు.

"నా చేతికి తగ్గ విల్లు ఈ రాజ్యంలో లేదు. నా బలం ఇసక పాలవుతోంది" అన్నాడు రాజు కొలువులో.

"నేను చేస్తాను మహారాజా" అన్నాడు కోనప్ప.

"నువ్వు చేసిన విల్లుతో దోమ కూడా చావదు" అన్నాడు మంత్రి. కొలువంతా ఘొల్లుమంది.

"ఎవరూ చెయ్యని విల్లు చేస్తాను. మీ బాణం ఏరు దాటుతుంది. దాటకపోతే నా నాలుక కోయించండి. అది తప్ప నా దగ్గరేముంది గనక. ఒక్కటే మాట మహారాజా, బాణం ఎక్కడ ఆగితే అక్కడిదాకా మీ రాజ్యం, అంతేగా?"

"అంతే. రాజు మాట."

ఇంటికొచ్చి అటక మీంచి విల్లుకి పనికొచ్చే తడ చెట్టు కర్ర ఒకటి దింపాడు. నాంచారి దాచిందే. చివర్లు పగలకుండా పేడ పూసి ఆరబెట్టింది. ఒక కొసన ఎండిన పేడలో ఆమె వేళ్ళ గుర్తులు అలానే ఉన్నాయి. కోనప్ప వాటి మీద తన వేళ్ళు పెట్టి చూసుకున్నాడు.

ఆమె చెప్పినట్టే చేశాడు. ఒక్కసారే వంచకు, కాస్త వంచు, చూడు, ఎటు బిర్రుగా ఉంటే అటు గీకు, బలవంతపెడితే కర్రకి కోపమొస్తుంది అనేది. తాడు కట్టి, దూలానికి తగిలించి లాగి చూసేవాడు. కింది సగం చక్కగా వంగేది. పై సగం బిర్రుగా ఉండిపోయేది. ఆ కొస గీకితేనే గానీ వంగదు. గీకితే ఆ వేళ్ళ గుర్తులు పోతాయి. కత్తి పెట్టేవాడు, తీసేవాడు.

అలాగే తీసుకెళ్ళి ఒక పొద్దున బురుజు కింద నిలబడి రెల్లు బాణం వేసి చూశాడు. నడి ఏట్లో పడింది. మునగలేదు. నీళ్ళు దాన్ని మెల్లిగా తీసుకుపోయి, వంపు తిరిగేచోట అవతలి గట్టుకి చేర్చాయి. ఉతికే బండల సందున ఇరుక్కుంది. పైనే తంగేడు పొదలు.

కోనప్ప చాలాసేపు చూశాడు. ఇంటికొచ్చి విల్లుకి ఆముదం రాసి, కత్తి దాచేశాడు.

దసరా రోజు రాజు బురుజెక్కి, కోనప్ప ఇచ్చిన రెల్లు బాణం ఎక్కుపెట్టి, పళ్ళు బిగించి తాడు లాగాడు. బాణం వదిలాడో లేదో ఫెళ్ళుమని పై కొస విరిగిపోయింది. బాణం పోయి నడి ఏట్లో పడింది.

రాజు మొహం కందగడ్డ అయింది.

"కత్తి తెప్పించనా ప్రభూ? నాలుక సిద్ధంగానే ఉంది" అన్నాడు మంత్రి.

"తొందరెందుకండీ, బాణం ఇంకా ఆగలేదే" అన్నాడు కోనప్ప.

"ఏట్లో పడింది కదరా" అన్నాడు మంత్రి.

"పడింది. ఆగిందా? చూడండి, పోతూనే ఉంది. మాబోటివాళ్ళ బాణం పడ్డచోటే చతికిలబడుతుంది. మహారాజు విల్లు విరిగేలా లాగారు, ఇంక దానికి ఆగడం ఎలా తెలుస్తుంది? కాదు, రాజుగారి బాణం నడి ఏట్లో ఆగిపోయిందంటారా, మీరే అనండి. నేను మాత్రం అనను."

రాజు మంత్రి వైపు తిరిగాడు. మంత్రి ఏటికేసి చూసి తలూపాడు.

"పోతూనే ఉంది ప్రభూ. నాకూ కనపడుతోంది."

అందరూ బురుజు అంచున చేరారు. బాణం వంపు తిరిగింది, గట్టుకి తగిలింది, బండల సందున ఆగింది. రాజు కళ్ళు చికిలించి చూశాడు. తను కూలబడ్డ రేవే.

నవ్వొచ్చింది ఆయనకి. ముందు ముక్కులోంచి, తరవాత పొట్టలోంచి. కిరీటం జారినా సర్దుకోలేదు.

"పోయి పోయి అక్కడికే చేరిందేంట్రా. సరే కోనప్పా, ఏరు దాటింది. ఏం కావాలో అడుగు."

"పడవ ఇప్పించండి మహారాజా. బాణాన్ని చూసి రావద్దూ?"

"బంగారం అడగవేం? అక్కడెవరున్నారు నీకు?"

"ఉండేది మహారాజా."

రాజు వాడికేసి చూశాడు. మెడలో హారం తీసి వాడి మెడలో వేశాడు. పడవలన్నీ ఏట్లోకి దింపమన్నాడు.

కోనప్ప అవతలికెళ్ళి, విరిగిన కొస నాంచారి తలాపున పెట్టాడు. పిడికెడు మట్టి వేశాడు.

"ఇక్కడే బిర్రుగా ఉండిపోయింది. తెలుసు. గీకలేకపోయాను" అని చెప్పాడు.

ఎవరో నవ్వినట్టయి వెనక్కి తిరిగాడు. రేవులో ఆడవాళ్ళు బట్టలుతుక్కుంటున్నారు.

బాణం మాత్రం రాజుకి తెచ్చివ్వలేదు. ఎప్పుడడిగినా, "దాన్ని కదిపితే మీ సరిహద్దు కదిలిపోతుంది మహారాజా. అక్కడే ఉందో లేదో ఓసారి చూసొస్తాను" అనేవాడు.

రాజు ప్రతిసారీ నవ్వేవాడు. ప్రతిసారీ పడవ ఇప్పించేవాడు.