చావును నిలదీసిన చివురమ్మ

కొండలకు చెవులున్న కాలంలో, పిల్లలూ, గంధసీమను ధరణిసేనుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ రాజ్యంలో పొలాల దేవత సస్యమ్మ తన కూతురు చివురమ్మ చెయ్యి పట్టుకుని గట్ల మీద తిరుగుతూ ఉండేది. కూతురు అడుగు పెట్టినచోటల్లా మొలకలొచ్చేవి.

ఏడు సముద్రాల అవతల, భూమి అడుగున, చచ్చినవాళ్లను ఏలే భస్మకేతుడనే మాంత్రికుడున్నాడు. వాడి కన్ను చివురమ్మ మీద పడింది. ఒకనాడు చేను నిలువునా చీల్చుకుని వచ్చి పిల్లను ఎత్తుకుపోయాడు. సస్యమ్మ జుట్టు విరబోసుకుని బండమీద కూర్చుంది. "నా బిడ్డ వచ్చేదాకా ఒక్క గింజ మొలవదు" అంది. మొలవలేదు. ఆవులు ఈనలేదు. ఊయలలు ఖాళీగా వేలాడాయి.

రాజుగారి పెద్దకొడుకు సైన్యంతో వెళ్లాడు, రాయైపోయాడు. రెండోవాడు బంగారంతో వెళ్లాడు, రాయైపోయాడు. మూడోవాడు మణిధరుడు చెప్పులు తొడుక్కుంటుంటే రాజు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"నువ్వొక్కడివే మిగిలావు నాయనా!"

"ఇంట్లో కూర్చున్నా చావు వస్తోంది కదా నాన్నగారూ. అదేదో నేనే దాని ఇంటికి వెళ్లి అడుగుతాను."

దారిలో ఎండకు గిలగిల్లాడుతున్న వానపాము కనిపించింది. తాగడానికి తెచ్చుకున్న నీళ్లు దానిమీద పోసి, తడిగుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్లాడు. సముద్రపు ఒడ్డున ఒక డేగ గూట్లో కూర్చుని ఏడుస్తోంది.

"ఎంత పొదిగినా నా గుడ్లు పిల్లలు కావడం లేదు బాబూ."

"నన్ను అవతలికి దాటించు. చివురమ్మ వస్తే నీ గూట్లోనూ పిల్లలు కూస్తాయి."

డేగ అతన్ని వీపున మోస్తూ ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. వానపాము నేలను తొలిచి తొలిచి గుల్ల చేస్తే, మణిధరుడు తవ్వుకుంటూ కిందికి దిగాడు.

కింద అంతా బూడిద. భస్మకేతుడు పగలబడి నవ్వాడు.

"వచ్చావా మూడోవాడా! మూడు పనులు చెబుతాను. చేస్తే పిల్లను తీసుకుపో. లేదంటే నీ అన్నల పక్కన నిలబడు."

మొదటి పని. నూరు బూడిదబొమ్మల మధ్య చివురమ్మను పట్టుకోవాలి. అన్నీ ఆమె ముఖాలే. మణిధరుడు ఒక్కొక్కదాన్నీ చూసుకుంటూ వెళ్లి ఒకచోట ఆగాడు.

"ఈమే. ఈ కళ్లలో కోపముంది. బూడిదకు కోపం రాదు."

"ఇన్నాళ్లూ వీడు పెట్టిన మెతుకు ముట్టలేదు" అంది చివురమ్మ. "కోపమే తిని బతికాను."

రెండో పని. దీపం కొండెక్కేలోగా బూడిదలో గింజ మొలిపించాలి. వానపాము బూడిదను మింగి మింగి మెత్తటి మన్ను చేసింది. చివురమ్మ దానిమీద కాలు పెట్టింది. పచ్చటి మొలక తలెత్తింది. మాంత్రికుడి ముఖం మాడిపోయింది.

"మూడోది. నా ప్రాణం ఎక్కడుందో చెప్పు!"

మణిధరుడికి తెలియదు. చివురమ్మకు తెలుసు.

"లోకాన్నంతా ఎండగట్టావు, ఆ పంజరంలో చిలకకు మాత్రం రోజూ నీ చేత్తో పండు తినిపిస్తావేం? నీ ప్రాణం దానిలోనే ఉంది!" అంటూ మూల వేలాడుతున్న పంజరం తెరిచి చిలకను పట్టుకుంది. భస్మకేతుడు గొంతు పట్టుకుని కూలబడ్డాడు.

"పిసికెయ్యండి!" అన్నాడు మణిధరుడు.

"పిసుకు" అన్నాడు మాంత్రికుడు రొప్పుతూ. "నేను లేకపోతే ముసలాకు రాలదు. అది రాలకపోతే నువ్వు చివురెక్కడ తొడుగుతావు?"

అది నిజమేనని చివురమ్మకు తెలుసు. అయినా పిడికిలి వదల్లేదు.

"అయితే విను. పండినదాన్ని తీసుకో, అదీ తలవంచి తీసుకో. చివురు జోలికి రాకు. ఊయల జోలికి రాకు. వచ్చావా, ఏ తల్లయినా నిన్ను నిలబెట్టి కడిగేస్తుంది. నువ్వు నోరెత్తకూడదు. ఒప్పుకుంటావా, నొక్కమంటావా?"

"ఒప్పుకున్నాను తల్లీ!"

చివురమ్మ చిలకను వదిలింది. రాళ్లన్నీ లేచి మళ్లీ మనుషులయ్యాయి, అన్నలతో సహా. అందరూ పైకొచ్చి, సముద్రాలు దాటి గంధసీమ చేరగానే సస్యమ్మ బండ దిగి పరుగెత్తుకొచ్చింది. చేలు పచ్చబడ్డాయి. డేగ గూట్లో పిల్లలు కీచుకీచుమన్నాయి.

"నన్ను పెళ్లాడతావా?" అని చివురమ్మే అడిగింది.

"మీ అమ్మగారు ఒప్పుకుంటే..."

"నేను ఒప్పుకున్నానుగా!"

పెళ్లి సంబరం ఊరూరా జరిగింది. ఇద్దరూ మనవలకు మనవలను ఎత్తుకునేదాకా రాజ్యమేలారు.

భస్మకేతుడు అప్పుడప్పుడూ మాట తప్పుతూనే ఉన్నాడు. అలా ఊయల జోలికి వచ్చిన ఇంటి ముందు తల్లులు దుమ్మెత్తిపోస్తూ వాణ్ని పేరు పెట్టి తిడతారు. వాడు తల దించుకుని అంతా విని వెళ్తాడు. గంధసీమలో ఆ తిట్లను ఎవరూ ఆపరు.