ఉట్టి తాడు పట్టినవాడు

ఒకానొక రాజ్యంలో బడులున్నాయి, పిల్లలున్నారు, పంతుళ్ళే లేరు. పంతులు కావాలంటే రాజుగారు పెట్టే అర్హత పరీక్ష నెగ్గాలి. అది నెగ్గిన మొనగాడు ఆ రాజ్యంలో ఒక్కడూ లేడు. అంత తెలివితక్కువ జనమా అంటారేమో, కాదు బాబూ! కిటుకు వేరే ఉంది.

రాజు వీరకంఠుడు ముందు జవాబులన్నీ దిద్దించేవాడు. "అందరికన్నా ఎక్కువ ఎన్ని వచ్చాయి?" అని అడిగేవాడు. డెబ్బై అంటే, "అయితే డెబ్బై అయిదొస్తేనే నెగ్గినట్టు" అని మీసం దువ్వేవాడు. ఎనభై అంటే ఎనభై అయిదు. మా పరీక్ష ఎవరికీ కొరుకుడు పడదని పొరుగు రాజుల దగ్గర గొప్పలు కూడాను. ఇక్కడేమో బడి తలుపులకు చెదలు పట్టాయి.

ఆ కొలువులో విదూషకుడు అక్కుభట్టు. ఊరందరినీ నవ్విస్తాడు గానీ, అతని ఇంట్లో నవ్వు లేదు. తల్లీతండ్రీ లేని మేనకోడలు సోమిదేవిని తనే పెంచాడు. పంతులమ్మ కావాలని ఆ పిల్ల పద్దెనిమిదో ఏట నుంచీ పరీక్షకు కూర్చుంటోంది. ఏటా పైమార్కు ఆమెదే, ఏటా ఓడిపోయేదీ ఆమే. ముప్ఫై దాటితే మరి రానివ్వరు. ఇదే ఆఖరుసారి.

ఈసారి ఆమెకు ఎనభై రెండొచ్చాయి. "నెగ్గే గీత ఎనభై ఏడు. రేపు ఉట్ల పండుగ కాగానే చాటింపు వెయ్యండి" అన్నాడు రాజు.

ఆ మాట ఇంటికి మోసుకొచ్చాడు అక్కుభట్టు. సోమిదేవి ఏడవలేదు. తాటాకు పుస్తకాలు మూటగట్టి అటకెక్కించింది.

"నాదే తప్పు మామయ్యా. ఇంకాస్త చదవాల్సింది."



ఉట్ల పండుగ నాడు తొలి దెబ్బ రాజుగారిది. తాడు పట్టినవాడు ఉట్టిని దించి పట్టుకోవాలి, దొరవారు ఒక్క గెంతులో కుండ పగలగొట్టాలి. అదీ ఆనవాయితీ. తాడు పట్టే పని ఈసారి అక్కుభట్టు అడిగి మరీ పుచ్చుకున్నాడు.

రాజు కర్ర ఎత్తి ఎగిరాడు. అక్కుభట్టు తాడు లాగాడు. కుండ పైకి పోయింది. మళ్ళీ ఎగిరాడు, మళ్ళీ లాగాడు. మూడోసారికి రాజు జారి, జనం చల్లిన పసుపునీళ్ళలో చతికిలపడ్డాడు.

"ఉట్టికెగరలేనమ్మ..." అని ఓ ముసలమ్మ గొణిగి, భయపడి నోరు మూసుకుంది.

"ఒరే అక్కుభట్టూ! కళ్ళు నెత్తికెక్కాయా? నేనెగిరాక లాగుతావేంరా? ముందు ఒకచోట కట్టి చావు, అప్పుడెగురుతా!"

అక్కుభట్టు తల పోతే పోనీ అనుకున్నాడు.

"ఎంతెత్తున కట్టమంటారు ప్రభూ?"

"మనిషి ఎగిరితే అందేంత ఎత్తున!"

"చిత్తం. ఈ లాగుడు తమ దగ్గర నేర్చిందే. మా సోమిదేవి ఎగిరినప్పుడల్లా తమరు గీత పైకి లాగారు. మూడు గెంతులకే తమకింత కోపమొచ్చిందే! ఆ పిల్ల వయసంతా ఎగురుతూనే ఉంది."

రాజు ఉట్టి వంక చూశాడు, తడిసిన తన మీసం తుడుచుకున్నాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"నా తీర్పు నా నోటితోనే చెప్పించావు గదరా!"

చేతి కంకణం తీసి అతనికి తొడిగాడు. "నూటికి అరవై వస్తే చాలు. ఆ మాట పరీక్షకు ముందే చాటాలి, తర్వాత నేను చెప్పినా మార్చకూడదు. పాత పరీక్షలకూ ఇదే లెక్క!" అన్నాడు.

అలా సోమిదేవి మొదటి ఏడే నెగ్గినట్టు తేలింది.

బడి తలుపు తీసిన రోజు అక్కుభట్టూ వెంట వెళ్ళాడు. ఒక పడుచు తన కొడుకు చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"వీణ్ణి చేర్చుకోండి పంతులమ్మా. మా అయ్య నన్నూ ఇక్కడికే తెచ్చాడు, ఇంతున్నప్పుడు. అప్పుడు బడికి తాళం వేసుంది."

"నువ్వూ లోపలికి రా" అంది సోమిదేవి.

"ఇంక నాకెందుకులెండి" అని నవ్వి, ఆమె గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

ఈమెకు పోయిన ఏళ్ళు ఎవరూ తిరిగివ్వలేరనుకున్నాడు అక్కుభట్టు. కంకణం తీసి మొలలో దోపుకున్నాడు.