గెడ్డ పక్కన రేకు గోడ

అనగనగా కొన్ని జంతువులు ఉండేవి. వాటికి ఒకప్పుడు అడవి ఉండేది. అడవిని కొట్టేశాక అవి పట్నం దారి పట్టాయి. పట్నంలో వాటికి చోటు ఎవరిస్తారు? కొండ మీంచి దిగే వాగు ఒకటి ఉంటే, దాని ఒడ్డునే గుడిసెలు వేసుకున్నాయి. ఆ వాగుని అక్కడ గెడ్డ అంటారు.

గుడిసెలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్కటే రేకు గోడ. పైన కొండవైపు ముంగిస ఇల్లు. దాని పక్కన గాడిద. గాడిద పక్కన మేక. అందరికన్నా కింద, గెడ్డ వంపులో, పందికొక్కు. మేక పేరు నూకాలు. పందికొక్కు పేరు చుక్కమ్మ. చుక్కమ్మ నూకాలుని అప్పా అని పిలిచేది, అంటే అక్కా అని.

పూర్వం వానలకి ఒక కాలం ఉండేది. ఇప్పుడు అలా లేదు. ఇక్కడ ఎండ మండిపోతూ ఉంటుంది. పైన కొండ మీద ఎక్కడో కుండపోతగా కురిసేస్తుంది. చినుకైనా పడకుండానే గెడ్డ పొంగి ఇళ్లలోకి వచ్చేస్తుంది. ఒక ఏడు చాపలు కొట్టుకుపోయాయి. ఇంకో ఏడు దాచుకున్న గింజలు పోయాయి. మూడో ఏడు కోడి ఇల్లే పోయింది. పట్నానికి పెద్ద ఏనుగు. దాని దగ్గరికి వెళ్లి గట్టు కట్టించమని అడిగాయి. చూద్దాం అంది ఏనుగు. చూస్తూనే ఉంది.

ఇక మన పని మనమే చూసుకుందామని ఒక సాయంత్రం అన్నీ కూర్చున్నాయి. నీళ్లు పొంగే ముందు గెడ్డ ఎర్రబడుతుందని, పైన ఉంటుంది కాబట్టి అది ముందు తనకే కనిపిస్తుందని ముంగిస చెప్పింది. అలాగైతే తను ఓండ్ర పెట్టి అందరినీ లేపుతానంది గాడిద.

"నువ్వు రోజూ పెడతావు కదా బావా. అది వరదకో ఆకలికో మాకెలా తెలుస్తుంది?" అంది చుక్కమ్మ.

అన్నీ నవ్వాయి. గాడిద కూడా నవ్వింది.

అప్పుడు చుక్కమ్మే ఒక ఉపాయం చెప్పింది. మన గోడలు ఎలాగూ కలిసే ఉన్నాయి. ముంగిస గాడిద గోడ మీద గట్టిగా మూడు దెబ్బలు కొట్టాలి. గాడిద మేక గోడ మీద కొట్టాలి. అలా చివరిదాకా. విన్నవాళ్లు పక్క గోడ కొట్టాకే ఇల్లు వదలాలి. అందరికీ ఇది నచ్చింది. మరి ఇల్లు వదిలి ఎక్కడికి పోతామని నూకాలు అడిగింది. దాంతో ముంగిస ఇంటి వెనక మిట్ట మీద ఒక మంచె కట్టాయి. గాడిద వెదుళ్లు మోసింది. చుక్కమ్మ గుంటలు తవ్వింది. నూకాలు తాళ్లు పేనింది.

ఆ ఏడు గెడ్డ రెండుసార్లు పొంగింది. రెండుసార్లూ గోడలు మోగాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు. పక్క గెడ్డల జంతువులు వచ్చి చూసి, తమ ఇళ్ల దగ్గరా అలాగే చేసుకున్నాయి.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. చుక్కమ్మ కడుపుతో ఉంది. రేకు ఇల్లు కదా, లోపల పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది. పుట్టబోయే పిల్లలకి చల్లగా ఉంటుందని చుక్కమ్మ కప్పు మీదికి బీరపాదు పాకించింది. ఒకరోజు నూకాలు కూతురు కప్పెక్కి ఆ పాదుని మొదలంటా మేసేసింది.

మర్నాడు కొళాయి దగ్గర, అందరూ చూస్తుండగా, చుక్కమ్మ నూకాలుని అడిగింది.

"మేత పెట్టుకోలేనిదానివి పిల్లని ఎందుకు కన్నావప్పా?"

నూకాలు బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది. ఎండకి ఎక్కడా పచ్చిక లేదు. పిల్ల ఆకలి సంగతి దానికి తెలియనిదా? ఆ మాట దాని గుండెలో ముల్లులా దిగిపోయింది.

అప్పట్నుంచి ఆ రెండింటికీ మాటలు లేవు. ఎదురుపడితే ఒకటి గెడ్డవైపు చూసేది, ఇంకొకటి కొండవైపు చూసేది. ముందు పలకరిస్తే తగ్గినట్టే అని రెండూ అనుకున్నాయి. వద్దమ్మా, పక్కపక్క ఇళ్లవాళ్లు ఇలా ఉండకూడదని ముంగిస రెండింటికీ చెప్పి చూసింది. వినలేదు.

ఇంతలో చుక్కమ్మకి పిల్లలు పుట్టాయి. వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. అందరూ కునుకు తీస్తున్నారు. గాడిద వైపు రేకు మీద మూడు దెబ్బలు పడ్డాయి. నూకాలు ఉలిక్కిపడి లేచింది. పిల్లని లేపింది. ఆ తర్వాత చుక్కమ్మ గోడ దగ్గరికి వచ్చి కాలు ఎత్తింది.

ఎత్తిన కాలు అలాగే ఆగిపోయింది.

ఇప్పుడు కొడితే నేనే ముందు పలకరించినట్టు అవుతుంది, రేపు కొళాయి దగ్గర అది చెప్పుకుని నవ్వుతుంది అనుకుంది నూకాలు. గాడిద కొట్టిన దెబ్బ ఊరంతా వినపడింది, దానికి వినపడదా అని కూడా అనుకుంది. కాలు దించేసింది. పిల్లని తీసుకుని మిట్ట ఎక్కింది.

సగం దూరం వెళ్లాక మనసు ఆగలేదు. వెనక్కి తిరిగింది. అప్పటికే ఎర్రనీళ్లు వంపులోకి దిగిపోయాయి.

చుక్కమ్మ కాళ్ల కింద తడి తగిలి లేచింది. ఒక్కో పిల్లని నోట కరుచుకుని మంచె దగ్గరికి చేర్చింది. అన్నిటికన్నా చిన్నదాని కోసం తిరిగి వెళ్లేసరికి అక్కడ ఇల్లు లేదు.

నీళ్లు తీశాక అన్నీ కలిసి గెడ్డ పొడుగునా వెతికాయి. దొరకలేదు.

సాయంత్రం చుక్కమ్మ తనంతట తానే నూకాలు దగ్గరికి వచ్చింది.

"నువ్వు కొట్టే ఉంటావప్పా. పిల్లలతో రాత్రంతా నిద్ర లేదు. ఒళ్లు తెలియకుండా పడుకుండిపోయాను. వినలేకపోయాను," అంది.

నూకాలు అవునని తలూపితే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. కానీ చుక్కమ్మ బతికినన్నాళ్లూ తన నిద్రనే తిట్టుకుంటుంది.

"కొట్టలేదు చుక్కమ్మా. కాలెత్తి దించేశాను," అంది.

చుక్కమ్మ తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"దానికి మన తగువు తెలియదప్పా. దానికింకా కళ్లే తెరుచుకోలేదు," అంది.

అని మిగిలిన పిల్లల్ని తీసుకుని ముంగిస ఇంటికి వెళ్లిపోయింది.

ఆ జంతువులు నూకాలుని వెళ్లగొట్టలేదు. మళ్లీ కూర్చుని మాట్లాడుకుని, ఇంకో నియమం పెట్టుకున్నాయి. గోడ కొట్టగానే వెళ్లిపోకూడదు. అవతలి నుంచి తిరుగు దెబ్బ వినపడేదాకా నిలబడాలి. వినపడకపోతే వెళ్లి లేపాలి. ఆ తర్వాత ఎన్ని వానలు వచ్చినా అక్కడ ఏ పిల్లా పోలేదు. అయినా ఏం లాభం? ఆ పిల్ల ఉన్నప్పుడే ఆ నియమం ఉండి ఉంటే ఎంత బాగుండేది.

నీతి: పక్కింటివాళ్ల మీద కోపం ఉంటే మాట మానేసినా మానేయండి గానీ, ఆపద కబురు మాత్రం ఆపకండి; అందరూ కలిసి కట్టుకున్న కాపుదల ఒక్కరు ఆగిన చోటే తెగిపోతుంది.