అంజిలయ్య పాటకు ఎగిరినవాడు

దేవదానం అన్నకు ఒక అలవాటు ఉంది. శిష్యుడు కొత్త పాట వినిపిస్తే బాగుందనడు, బాగాలేదనీ అనడు. పాట అయ్యాక లేచి వెళ్లి లేత్ మిషన్ మీద పడిన ఇనుప రజను తుడుచుకుంటాడు. ఆ మౌనాన్ని ఎలా తీసుకోవాలో తెలియక చాలామంది మరుసటి వారం నుంచి రావడం మానేశారు. మొండివాళ్లం మిగిలాం.

నగరం చివర పారిశ్రామికవాడలో ఆయనది చిన్న వర్క్‌షాపు. ఆదివారం మిషన్లు ఆగుతాయి కాబట్టి ఆ రోజు మేమంతా అక్కడ చేరి, గుండ్రంగా నిలబడి, ఒకరి తర్వాత ఒకరం ర్యాప్ చేస్తాం. పాటల సీడీలు చేత్తో పంచిపెట్టుకున్న కాలం నుంచి అన్న ఈ పనిలో ఉన్నాడు. టీవీలో ఏనాడూ కనబడలేదు. అయినా మా ఇలాకాలో మైకు పట్టే కుర్రాళ్లలో ఆయన పంక్తులు నోటికి రానివాడు లేడు. ఒకసారి సినిమావాళ్లు పిలిచి, హీరో ఫైటుకు ముందు ఏదో ఒకటి గడగడా అనమన్నారట. ఏదో ఒకటి అనడం తనకు రాదని చెప్పి, వాళ్లు పోసిన టీ తాగి, బస్సెక్కి వచ్చేశాడు.

మాలో అందరికంటే వేగం పరమేశుది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేవాడు. బీటు మొదలైతే చాలు, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో మాకు తెలిసేది కాదు. అతన్ని మిషన్ అని పిలిచేవాళ్లం, అతనికీ ఆ పేరంటే ఇష్టమే. వేగంలో ఓడించడానికి పక్క బస్తీల నుంచి వచ్చిన వాళ్లు తలవంచుకుని వెళ్లిపోయేవాళ్లు.

ఆ వేసవిలో మా వాడలోని ఒక రసాయనాల ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై అంజిలయ్య అనే కూలీ చనిపోయాడు. ఇంటిపేరు కావలి. పాలమూరు నుంచి బతకడానికి వచ్చినవాడు, పరమేశు ఉండే గల్లీలోనే ఉండేవాడు. ప్రమాదం జరిగినప్పుడు షెడ్డుకు బయటి నుంచి తాళం ఉంది. సరుకు దొంగతనమవుతుందని లేబర్ కాంట్రాక్టర్ సుధాకర్ వేయించిన తాళం అది. తలుపు తీసేసరికి అంజిలయ్య ప్రాణం పోయింది. శవాన్ని మోసుకెళ్లి ఫ్యాక్టరీ వెనక కాలువ గట్టున పడుకోబెట్టారు. ఆ రోజు అతను పనికే రాలేదని, తాగి కాలువలో పడి చచ్చాడని సుధాకర్ పోలీసులకు చెప్పాడు. కలిసి పనిచేసినవాళ్లు పోలీసుల ముందు నోరు మెదపలేదు. మెదిపితే మర్నాటి నుంచి వాళ్లకు పని ఉండదు. జీవితంలో చుక్క ముట్టని మనిషిని చచ్చాక తాగుబోతును చేశారు. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

అంజిలయ్య భార్య సాయమ్మ కోరింది ఒక్కటే. తన మనిషి తాగి పడలేదని, డ్యూటీలో చచ్చాడని ఎవరో ఒకరు నలుగురిలో పేరు పెట్టి చెప్పాలి. ఆమె గుమ్మం గుమ్మం తిరిగింది. అందరూ అయ్యో అన్నారు, నీళ్లిచ్చారు, తలుపులు వేసుకున్నారు.

పరమేశు మాత్రం పాట రాశాడు. కోపం నిజమైనదే, అందులో నాకు అనుమానం లేదు. రాస్తున్నన్నాళ్లూ అతను సరిగ్గా అన్నం తినలేదు. "గేటు లాకు గ్యాసు లీకు అంజిలయ్య బతుకు బ్రేకు సేఫ్టీ ఫేకు బాసు షోకు కేసు ప్యాకు" అని సాగే పాట. అంజిలయ్య అనే పేరుకు ప్రాస దొరక్క తను పడ్డ తిప్పలు మాకు గొప్పగా చెప్పుకున్నాడు. చివరికి ఆ పేరును రెండు ప్రాసల మధ్య ఇరికించి, ఊపు తగ్గకుండా దాటేశానన్నాడు. మేమంతా ఆ నేర్పుకు చప్పట్లు కొట్టాం. పాట ఫోనుల్లోకి ఎక్కింది, కుర్రాళ్ల బళ్ల మీద మోగింది, డీజేవాళ్లు దానికి డప్పు కలిపి ఇంకా పెంచారు. వర్షాకాలం మొదలయ్యేసరికి మా వాడలో అది మోగని పెళ్లి బరాత్ లేదు.

అన్న కూడా ఆ పాట విన్నాడు. విని, లేచి, రజను తుడవబోయాడు. పరమేశుకు కడుపు మండింది. వెళ్లి ఆయన చేతిలోని గుడ్డ లాక్కున్నాడు.

"ఏడ్చుకుంట రాసిన అన్నా. ఊరంత ఇంటున్నది, నీకొక్కనికే పడ్తలేదు. కోపం తక్కువైందా, ప్రాస తక్కువైందా? ఏం తక్కువైందో ఇయ్యాల చెప్పాలె."

సాయమ్మకు వినిపించావా అని అన్న అడిగాడు. ఆమెకు ర్యాప్ ఏం అర్థమవుతుందని పరమేశు తిరిగి అడిగాడు. అన్న నిమజ్జనం రోజు మధ్యాహ్నం మెయిన్ రోడ్డు మలుపులో ఉన్న టీకొట్టు దగ్గరికి రమ్మని చెప్పి, గుడ్డ తిరిగి తీసుకుని తన పనిలో పడ్డాడు.

నేనూ పరమేశుతో వెళ్లాను. మేము వెళ్లేసరికి అన్న అక్కడే ఉన్నాడు. ఆయన పక్కన బెంచీ మీద సాయమ్మ కూర్చుని ఉంది. అంజిలయ్య మీద కట్టిన పాట ఇక్కడ వినబడుతుందని అన్న ఆమెకు చెప్పి తీసుకొచ్చాడట. ఉతికిన చీర కట్టుకుని, గుడికి వచ్చినదానిలా ఒద్దికగా కూర్చుంది. పరమేశు ఆమెకు దండం పెట్టాడు. ఆమె అతని తల నిమిరింది.

వాడలో అందరికంటే పెద్ద వినాయకుణ్ణి పెట్టించేది కాంట్రాక్టర్ సుధాకరే. విగ్రహం ముందు డీజే లారీ, లారీ నిండా ఇంటి గోడలంత స్పీకర్ పెట్టెలు, దాని ముందు అతని మనుషులు, అతని కూలీలు. ఊరేగింపు మలుపు తిరగగానే పరమేశు పాట అందుకుంది. రోడ్డు అదిరింది, టీకొట్టు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. పరమేశు ముఖం వెలిగిపోయింది. తన పాట ఇంత పెద్ద పెట్టెల్లో మోగడం అతను వినడం అదే మొదలు.

తర్వాత లారీ ముందు ఆడుతున్నది ఎవరో చూశాడు.

సుధాకర్ ఆడుతున్నాడు. తలకు కాషాయం రుమాలు, ముఖం నిండా గులాల్, చేతులు పైకెత్తి, నాలుక మడిచి, మోకాళ్లు వంచి ఆడుతున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని పెద్దలు అంటారు. ఆ రోజు నా కళ్ల ముందు ఆ సామెత అబద్ధమైంది. ఆ మనిషి భుజాలు తడుముకోలేదు, ఎగరేశాడు. గేటు లాకు అన్నచోట ఎగిరాడు, గ్యాసు లీకు అన్నచోట ఎగిరాడు, ఏ మనిషిని కాలువ గట్టున పారేయించాడో ఆ మనిషి బతుకు బ్రేకు అన్నచోట ఈలేశాడు. పాట అయిపోతే మళ్లీ పెట్టమని డీజే ఆపరేటర్‌కు వేలు తిప్పి చూపించాడు. మళ్లీ పెట్టారు. ఇంతకంటే సిగ్గులేని దృశ్యం నేను చూడలేదు. అది చూస్తే నాకు అతని మీద ఎంత అసహ్యం కలిగిందో, ఆ పాటకు చప్పట్లు కొట్టిన నా చేతుల మీద కూడా అంతే కలిగింది.

సాయమ్మ లేచి నిలబడింది. చెవి మీది కొంగు వెనక్కి జరుపుకుని, లారీ వైపు తల వంచి, రెండోసారీ పాట మొత్తం విన్నది. పాట చివరికి వస్తుండగా పరమేశు చెయ్యి పట్టుకుని లాగి, అతని చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది.

"మా ఆయన పేరు యాడొస్తది బిడ్డా?"

వచ్చిందని, వచ్చి వెళ్లిపోయిందని పరమేశు ఆమెకు ఎలా చెబుతాడు? పిడికిలి బిగించి సుధాకర్ మీదికి పోబోయాడు. అన్న వెనక నుంచి అతని చొక్కా పట్టుకున్నాడు. ఇనుము కోసే చెయ్యి అది, పరమేశు ఎంత గింజుకున్నా వదల్లేదు.

"ఆమె అడిగినదానికి చెప్పి పో" అన్నాడు.

అప్పుడే పాట అయిపోయింది. ఆపరేటర్ తర్వాతి పాట వెతుక్కుంటున్నాడు. అంతసేపు అదిరిన రోడ్డు ఒక్కసారిగా ఖాళీ అయినట్టు అనిపించింది. పరమేశు సాయమ్మ వైపు తిరిగాడు. అతను ర్యాప్ చేయడం మొదలుపెట్టాక ఇంత మెల్లగా మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

"కావలి అంజిలయ్య. ఆ దినం డ్యూటీల ఉన్నడు. షెడ్డుకు బయటికెల్లి తాళమేసిన్రు."

అందులో ప్రాస లేదు, ఊపు లేదు.

సాయమ్మ ఆ పేరును ఒకసారి మెల్లగా అనుకుంది. తర్వాత రోడ్డు వైపు తిరిగి, బావి దగ్గర పక్కింటివాళ్లను కేకేసే గొంతుతో, కావలి అంజిలయ్య తాగలేదని, డ్యూటీలో ఉన్నాడని అన్నది. ఫుట్‌పాత్ మీద ఉన్న ఆడవాళ్లు ఆమె వైపు చూశారు. వాళ్లలో ఒకామె ఆ పేరును తన పక్కనున్నామెకు చెప్పింది. లారీ ముందు ఆడుతున్న కూలీల్లో ఒకతను, అంజిలయ్యతో ఒకే షెడ్డులో పనిచేసినవాడు, తలకు కట్టుకున్న రుమాలు విప్పి చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

సుధాకర్ ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. అతను సాయమ్మను చూశాడు. రుమాలు విప్పిన కూలీని చూశాడు. చేతులు దించి, లారీ వైపు తిరిగి, ఆపరేటర్ మీద అరిచాడు.

"సౌండ్ పెంచు."

ఏదో పాట వచ్చి మీద పడింది. ఈసారి టీకొట్టు రేకులు కూడా ఊగాయి. సాయమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. మాట మాత్రం పక్కనే ఉన్న మాకు కూడా వినబడలేదు. లారీ ముందుకు సాగింది. రుమాలు విప్పినతను ఊరేగింపుతో పోకుండా రోడ్డు పక్కనే నిలబడ్డాడు.

పరమేశు ఏడుస్తున్నాడు. అది దుఃఖం కాదు, చేతగాని కోపం. అన్న చొక్కా పట్టుకుని ఊపుతూ అరిచాడు.

"చెప్తిని గదనే, మల్ల మునిగిపాయె. చెప్పి ఏం ఫాయిద?"

అన్న అతని చెవి దగ్గరికి వంగాడు. ఆ మోతలో ఆయన కూడా అరిచే చెప్పవలసి వచ్చింది. అందుకే ఆ మాట నాకూ వినబడింది.

"వాడు సౌండ్ ఎప్పుడు పెంచమన్నడో చూసినవా?"